తెగిన పోగు ఎక్కడ?

సూరత్ నగరం రెండు వృత్తులకు పెట్టింది పేరు: వజ్రాలకు సానపట్టడం, వస్త్రాలు నేయడం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన ఎన్నో పద్మశాలి కుటుంబాలకు ఆ నగరపు మరమగ్గాలు జీవనాధారమైనాయి. నేడు ఆ మగ్గాలకు కంప్యూటర్ తోడైనది. చీర అంచు మీది లతలూ పువ్వులూ మొదట తెరపై రూపుదిద్దుకొని, తరచుగా చిన్న పెన్‌డ్రైవ్‌లో జకార్డ్ మగ్గానికి చేరుతున్నాయి. స్కానర్, ప్రింటర్, పెన్‌డ్రైవ్: ఒక్క యంత్రానికి ఎన్ని తోకలో!

ఒకనాడు మీట నొక్కగానే తెర నీలమై, కంప్యూటర్ మళ్లీ మళ్లీ మొదటికే వస్తుంది. “అంతా చెరిపి కొత్తగా ఎక్కించవలసిందే” అనే సలహా వెంటనే వినబడుతుంది. తొందరపడితే ఏళ్ల తరబడి గీసిన డిజైన్లు ఒక్క పూటలో మాయం కావచ్చు.

దుబాసి చేసిన పొరపాటు

ఈ కష్టం మహామహులకూ తప్పలేదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో విండోస్ 98ను ప్రదర్శిస్తూ స్కానర్ తగిలించగానే, బిల్ గేట్స్ ఎదుటనే నీలితెర ప్రత్యక్షమైనది.

కారణమేమి? కంప్యూటర్‌కూ బయటి పరికరానికీ నడుమ దుబాసి కావాలి. డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. చాలా డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గర్భగుడి వంటి కెర్నెల్‌లో పనిచేస్తాయి. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే సాధారణంగా అదొక్కటే ఆగుతుంది. గర్భగుడిలో తప్పు జరిగితే, సమాచారం చెడిపోకుండా సిస్టమ్ తనను తానే ఆపుకొంటుంది. మేల్కొనే వేళ యంత్రం పరికరాలన్నిటినీ పలకరిస్తుంది గనుక చిక్కు తరచు అప్పుడే బయటపడుతుంది.

పరికరాలను తగిలించే యూఎస్‌బీ పద్ధతి 1996లో వెలువడింది. దాని రూపకర్తలలో ముఖ్యులైన అజయ్ భట్ సూరత్‌కు ఉత్తరాన ఉన్న వడోదరలో చదివినవారే. యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇవ్వవలసిన విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లే; అంతకు మించి కోరే పరికరం తడబడుతుంది. మరచి వదలిన పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌ను వెతికి, లేదని చెప్పి ఆగిపోయే కంప్యూటర్లూ ఉన్నాయి. అసలు సిస్టమ్ మాత్రం లోపల క్షేమంగానే ఉంటుంది!

ఒక్కొక్కటిగా

ముందు తెర మీది సంకేత సంఖ్యను రాసుకోవాలి. తరువాత విద్యుత్తు ఆపి, కీబోర్డు, మౌస్, తెర తప్ప అన్నిటినీ విడదీయాలి. అప్పుడు కంప్యూటర్ సవ్యంగా మేల్కొంటే దోషం బయటి పరికరానిదో, దాని డ్రైవర్‌దో అయి ఉంటుంది. మొట్టమొదట డిజైన్లకు నకలు తీసి భద్రపరచాలి. ఆపైన ఒక్కొక్క పరికరాన్నే తగిలించి, ప్రతిసారీ కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించాలి. దోషి దొరికిన పిమ్మట వేరే తీగ, వేరే పోర్టు, చివరకు తయారీదారు ఇచ్చే కొత్త డ్రైవర్ ప్రయత్నించాలి.

అన్నీ తీసినా నీలితెర వీడకపోతే, అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో ప్రవేశించి, ఇటీవల చేర్చిన డ్రైవర్‌ను తొలగించి చూడాలి. అప్పటికీ ఫలితం లేకుంటేనే లోపలి భాగాలను అనుమానించాలి.

పోగు తెగితే నేతగాడు పడుగంతా కోసి పారవేయడు. తెగిన చోటు వెతికి ముడివేస్తాడు. కంప్యూటర్‌కూ అదే ఓర్పు కావాలి.