బీదర్ అల్లుడు బాహుకుడు

తానెవరో చెప్పని రాజు, కనిపెట్టేదాకా వదలని రాణి

“కొత్త కాలపు రాచప్రేమ కావాలి. ఎవరో చెప్పకుండా ప్రేమలో పడినవాళ్లది. గురువారానికి పేజీలు వెళ్లిపోవాలి” అన్నారు ఎడిటర్ గారు. ఆయన మనసులో ఉన్నది డెన్మార్క్ జంట. 2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్ సందడిలో స్లిప్ ఇన్ అనే పబ్బులో మేరీ డొనాల్డ్‌సన్‌కి ఒకతను ఫ్రెడ్‌నని పరిచయమయ్యాడు. యువరాజు ఫ్రెడరిక్ అని ఆమెకి తెలియదు. 2004లో పెళ్లి. 2024 జనవరిలో ఆయన రాజు, ఆవిడ రాణి. ముచ్చటైన కథే. కానీ గుట్టు ఎంతోసేపు నిలవలేదు. వీళ్లెవరో తెలుసా అని అక్కడే ఒకరు అడిగేశారని మేరీయే తర్వాత చెప్పారు. ఇక ఆమె కనిపెట్టడానికి ఏం మిగిలింది?

నాలుగో ఏటికి గానీ బయటపడని గుట్టు ఒకటి మన పక్కనే ఉంది. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు, జహీరాబాద్ దాటితే బీదర్.

బీజాపూర్‌లో ఉండి 17వ శతాబ్దం మొదట్లో దక్కన్ చరిత్ర రాసిన ఫరిష్తా, బీదర్ ప్రస్తావన రాగానే సుల్తానులను కాసేపు పక్కనబెట్టాడు. పూర్వం ఇక్కడ భీమసేనుడనే రాజు ఉండేవాడనీ, మాళవ రాజు నలుడు ప్రేమించిన దమన్ ఆయన కూతురేననీ రాశాడు. అక్బరు కోరికపై ఫైజీ 1594లో పారశీక కావ్యం చేసింది ఈ జంట మీదే. దమన్ అంటే మన దమయంతి.

నమ్మాలా? నాకైతే నమ్మకం లేదు. దమయంతి పుట్టిల్లయిన విదర్భ రాజధాని కుండినపురమంటే పండితులు ఎక్కువగా చూపించేది మహారాష్ట్రలో వార్ధా నది ఒడ్డున, అమరావతి జిల్లాలో ఉన్న కౌండిణ్యపూర్‌ని. అయినా ఫరిష్తా ఇచ్చిన అల్లుణ్ని బీదర్ నుంచి లాక్కోవడానికి మనసొప్పలేదు. ఈ కథనం వరకు ఉండనిద్దాం.

జూదంలో రాజ్యం పోగొట్టుకుని, అడవిలో నిద్రపోతున్న భార్యను వదిలేసి వెళ్లాడు నలుడు. కర్కోటకుడనే నాగుడి కాటుకి రూపం మారింది. బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడికి రథం తోలుతున్నాడు. దమయంతి కూడా ఎవరో చెప్పకుండా చేది రాజమందిరంలో సైరంధ్రిగా గడిపింది. కనుబొమల నడుమ పుట్టుమచ్చ పట్టించింది గనుక ముందే పుట్టింటికి చేరింది.

అక్కడ కూర్చుని ఏడ్చిందా? వల పన్నింది. తెల్లవారితే దమయంతికి రెండో స్వయంవరమని ఒక్క ఋతుపర్ణుడికే కబురు పంపింది. నూరు యోజనాలు ఒక్క పగటిలో తోలగలవాడు నలుడొక్కడే. సాయంత్రానికి రథం వచ్చింది. ఆ చప్పుడుకే గుండె గుర్తుపట్టింది, కానీ దిగినవాడు ఎవరో కురూపి. అప్పుడు చెలికత్తె కేశినిని పంపింది. వాడేం చేస్తాడో చూసి రమ్మంది.

కేశిని తెచ్చిన నివేదికకు సాటి రాగలది మన అపరాధ పరిశోధన నవలల్లో నాకు కనిపించలేదు. గుమ్మం ఎంత పొట్టిదైనా అతను తల వంచడు, గుమ్మమే పైకి లేస్తుంది. ఖాళీ కుండను చూస్తే నీళ్లు నిండుతాయి. గడ్డి పరక ఎండకు పడితే మంట అంటుకుంటుంది. నలిపిన పూలు వాడవు సరికదా, ఇంకా విచ్చుకుంటాయి. ఇవన్నీ స్వయంవరం రోజున దేవతలు నలుడికిచ్చిన పెళ్లి కానుకలు. ఇప్పుడవే అతని ఆధార్ కార్డు అయ్యాయి.

దమయంతికి అదీ చాల్లేదు. అతను వండిన మాంసం కాస్త తెమ్మంది. రుచి చూసింది. రూపం మారినా చేతివంట మారలేదు. చివరికి పిల్లలిద్దరినీ కేశిని వెంట పంపింది. ఒళ్లోకి తీసుకుని భోరుమన్నాడు బాహుకుడు. వెంటనే తమాయించుకుని, మా పిల్లలు గుర్తొచ్చారు అంతే, నువ్వు మాటిమాటికీ ఇటు రాకమ్మా, జనం ఏమనుకుంటారు అన్నాడు. ఇంత చక్కగా దొరికిపోయిన మగవాడు ఇంకొకడు లేడు.

ఇక బీదర్ చరిత్ర గబగబా: బహమనీ అహ్మద్‌షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. 1472లో మహమూద్ గవాన్ మదరసా లేచింది. తర్వాత బరీద్‌షాహీలు, బీజాపూర్, ఔరంగజేబు, నిజాములు. 1956 దాకా జహీరాబాద్ కూడా బీదర్ జిల్లాలోదే.

తెరమీద మారువేషాలు

1951 ‘మల్లీశ్వరి’లో మారువేషంలో ఉన్నవాడు కృష్ణదేవరాయలు. ఆయన విన్న ఒక వేళాకోళం మాట ఇద్దరు ప్రేమికులను విడదీసింది. 2004 ‘మల్లీశ్వరి’లో దాగింది రాకుమారి కత్రినా. గుర్తుపట్టాల్సినవాడు బ్యాంకు ఉద్యోగి వెంకటేశ్. రెంటిలోనూ దమయంతి లాంటి బుర్ర ఎవరికీ ఇవ్వలేదు.

శ్రీనాథుడు ఎక్కడ ఆపాడు?

‘శృంగార నైషధం’ నలదమయంతుల పెళ్లి ముచ్చట్ల దగ్గరే ముగుస్తుంది. జూదం, అడవి, బాహుకుడు అందులో లేవు. మూలం రాసిన శ్రీహర్షుడే అక్కడ ఆగాడు.

బాహుకుడు కావాలంటే నన్నయ భారతం దగ్గరికే వెళ్లాలి. అరణ్యపర్వం ద్వితీయాశ్వాసం తీయండి. మొదటి నుంచి చదివే తీరిక లేకపోతే, కేశిని వచ్చే చోట మొదలుపెట్టండి.