లోతు మంచుకు వెడల్పు స్కీలు: రెండో జత ఎట్లా ఎంచుకోవాలి?

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వెళ్లి సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో స్థిరపడ్డ మనవాళ్లకు చలికాలం వస్తే స్కీయింగ్ అలవాటు కావడం సహజమే. మొదట్లో అద్దె స్కీలతో సరిపెట్టుకుంటారు, పట్టు చిక్కాక సొంత జత కొంటారు. తర్వాత ఎప్పుడో రాత్రంతా మంచు కురిసి, తెల్లారేసరికి వాలు మీద మోకాలిలోతు పేరుకుంటుంది. నిన్నటిదాకా చక్కగా నడిచిన స్కీలు ఆ రోజు మొరాయిస్తాయి. ముందు కొనలు మంచులో దిగబడతాయి, తొడలు మండుతాయి, పడితే లేవడమే గగనమవుతుంది. రెండో జత ఆలోచన అక్కడే మొదలవుతుంది. ఆ మాట ఫోన్లో చెబితే ఊళ్లో ఉన్న అమ్మ, ‘ఒక జత ఉండంగ ఇంకోటి ఎందుకు బిడ్డా?’ అంటుంది. అడగాల్సిన ప్రశ్నే. ఏ జత కొనాలన్నది దాని జవాబును బట్టే తేలుతుంది.

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద, మిర్యాలగూడ వైపు, నాట్లకు ముందు పొలం కలిపే ట్రాక్టర్‌ను చూసినవారికి సంగతి ఇట్టే తెలిసిపోతుంది. బురదలో మామూలు టైరు కూరుకుపోతుందని వెనక చక్రాలకు వెడల్పాటి ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. ట్రాక్టర్ బరువేమీ తగ్గదు, ఆ బరువు ఆనే జాగా పెరుగుతుంది. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడిపోతుంది, అధికారులు పట్టుకుంటే జరిమానా తప్పదు. వెడల్పు స్కీలు కూడా లోతు మంచులో మనిషిని పైకి తేలుస్తాయి, గట్టిమంచు మీద మాత్రం ఇబ్బంది పెడతాయి. కొత్తగా కురిసిన తేలికపాటి మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలు మాత్రమే ఉంటుంది. అదే కొలత నీళ్లయితే 1000 కిలోలు. అంత పలచని దాని మీద నిలవాలంటే వెడల్పు కావాల్సిందే.

ఆ వెడల్పును స్కీ నడుము దగ్గర, అంటే బూటు కింద, మిల్లీమీటర్లలో కొలుస్తారు. యంత్రాలతో చదును చేసిన వాలు మీద తిరిగేవి సుమారు 65 నుంచి 80 వరకు ఉంటాయి. అన్నిరకాల మంచుకూ వాడేవి 85 నుంచి 100. పొడిమంచువి 105 నుంచి 120, కొన్ని అంతకన్నా ఎక్కువ. 84 నుంచి 112కు పోతే బూటు కింద వెడల్పు మూడోవంతు పెరిగినట్టు. గట్టిమంచు మీద మలుపు తిరగాలంటే స్కీని అంచు మీదికి ఒరిగించాలి. వెడల్పు స్కీలో ఆ అంచు పాదం మధ్య నుంచి దూరంగా ఉంటుంది కాబట్టి చీలమండ, మోకాలు ఎక్కువ శ్రమపడతాయి. రోజంతా అట్లా తిరిగితే సాయంత్రానికి మోకాళ్లు నొప్పులు పెడతాయి.

ఈ స్కీల వెనక షేన్ మెకాంకీ అనే స్కీయర్ కథ ఉంది. నాకు చాలా ఇష్టమైన కథ. లోతు మంచు గట్టి నేలలాగా కాక నీళ్లలాగా ప్రవర్తిస్తుందని, కాబట్టి స్కీ ఆకారం కూడా నీటికి తగ్గట్టుండాలని అతను వాదించాడు. నీటి మీద జారే స్కీలకే, బూటును పట్టి ఉంచే బైండింగులు బిగించి అలాస్కా కొండల మీద దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ అతని ఆలోచనతో స్పాటులా అనే స్కీని మార్కెట్లోకి తెచ్చింది. మామూలు స్కీకి కొనలు వెడల్పు, నడుము సన్నం. దీనికి నడుమే వెడల్పు, కొనలు పైకి లేచి ఉంటాయి. మెకాంకీ 2009లో ఇటలీ కొండల్లో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. ఇవాళ దుకాణంలో కనిపించే ప్రతి పొడిమంచు స్కీ ముందుకొన పైకి లేచి ఉందంటే అందులో అతని చలవ చాలా ఉంది. ఆ లేపునే రాకర్ అంటారు. కొనేముందు రెండు స్కీల అడుగులు ఒకదానికొకటి ఆనించి పక్కనుంచి చూడండి. కొనల దగ్గర అవి ఎంత ముందుగా విడిపోతే అంత రాకర్ ఉన్నట్టు. మధ్యలో సన్నటి సందు కనిపిస్తే బూటు కింద ఎత్తు ఉన్నట్టు. రెండూ ఉన్న స్కీ, మంచు నలిగిపోయిన మధ్యాహ్నం పూట కూడా అంచు పట్టు ఇస్తుంది. మొదటిసారి వెడల్పు జత కొనేవారికి నేను చెప్పేది అదే.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకొద్దాం. మొదటి జత చేయలేని పనిని రెండోది చేయాలి. ఇంట్లో 98 ఉండగా 106 కొంటే డబ్బు దండగే, ఆ రెంటికీ తేడా పెద్దగా తెలియదు. 80, 85 ఉన్నవారికి 106 నుంచి 112 మధ్యది సరిపోతుంది. ఇప్పటికే వంద దగ్గర ఉన్నవారే 115 దాటి చూడాలి. మనిషి బరువును, ఊరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్‌లో 1998-99 సీజన్‌లో దాదాపు 29 మీటర్ల మంచు కురిసి ప్రపంచ రికార్డయింది. కానీ సముద్రం దగ్గరి మంచు కావడంతో తడి ఎక్కువ, బరువెక్కువ. అక్కడ మెతక స్కీ అల్లాడిపోతుంది, కొంచెం బిగువైనది కావాలి. యూటాలోని ఆల్టాలో మంచు తేలిక, మెత్తటి స్కీ అయినా హాయిగా తేలుతుంది. డల్లాస్‌లో ఉంటూ ఏడాదికోసారి విమానమెక్కి వెళ్లేవారు మాత్రం కొనకపోవడమే మేలు. అక్కడికి చేరాక, మంచు పడిన రోజునే, వెడల్పువి అద్దెకు తీసుకోవచ్చు.

పొడవు విషయంలో భయపడనక్కర్లేదు. రాకర్ ఉన్న స్కీలో కొంత భాగమే గట్టిమంచును తాకుతుంది కాబట్టి మీ ఎత్తుకు సమానంగానో అంతకన్నా కొద్దిగా ఎక్కువగానో తీసుకున్నా బరువనిపించదు. చాలామంది పొరబడేది బైండింగ్ దగ్గర. పాత జతది విప్పి దీనికి బిగిద్దామనుకుంటారు. దాని బ్రేకు కొమ్ములు 90కి సరిపోయేవైతే 112 స్కీ అంచు దాటి కిందికి దిగవు. బూట్లు పాతవే వాడుకోవచ్చు, వాటి అడుగురకం కొత్త బైండింగుకు సరిపోవాలి. బూటు ఎంత ఒత్తిడికి ఊడాలన్నది బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు చూసి దుకాణంలోనే పెట్టించుకోవాలి.

ఇక మన ఊళ్ల నుంచే వెళ్లేవారికి మన దేశంలోనే గుల్మార్గ్‌లో పొడిమంచు దొరుకుతుంది. అక్కడి కేబుల్ కారు గండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడి నుంచి దిగే వాలులో ఎక్కువ భాగం చదును చేసింది కాదు. 2024 ఫిబ్రవరి 22న అక్కడ మంచుచరియ పడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. వెడల్పు స్కీ బాగా తేలేదీ అటువంటి వాలు మీదనే. మంచు కింద కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లో బయటికి తీయకపోతే బతికే ఆశ వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి స్కీలకని దాచిన డబ్బులోంచి ముందు సంకేతాలు పంపే బీకన్, పొడవాటి ప్రోబ్ కడ్డీ, మడత పార కొనాలి. మీతో వచ్చేవారి దగ్గర కూడా ఆ మూడూ ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. దాని కోసం ఒకరోజు శిక్షణ తీసుకుని, స్థానిక గైడ్‌ను వెంటబెట్టుకునే రెండో దశ ఎక్కండి.