కాఫీ షాపులో అయ్యే పని మన టీ కొట్టులో ఎందుకు అవ్వదు?

ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే పని అవుతుంది? ఆఫీసులోనా, కాఫీ షాపులోనా? మనం రావులపాలెం వాళ్లం కాబట్టి మన టీ కొట్టుని కూడా లెక్కలోకి తీసుకుందాం.

ఇది సరదా ప్రశ్న కాదండీ. వారంలో కొన్ని రోజులు ఊళ్లోంచి పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంటే హైదరాబాద్‌లో ఖర్చు తగ్గుతుంది, అమ్మానాన్నల దగ్గర ఉంటాం. పని తగ్గిందో, "ఇంక వచ్చెయ్" అంటారు.

ముందు శబ్దం సంగతి. 2012లో రవి మెహతా, రుయి ఝు, అమర్ చీమా అనే పరిశోధకులు ఒక స్టడీ పబ్లిష్ చేశారు. కొత్త ఐడియాలు ఆలోచించే పనుల్లో, 50 డెసిబెల్స్ కన్నా 70 డెసిబెల్స్ సందడిలో జనం బాగా చేశారు. 85కి పెంచితే మళ్లీ తగ్గింది. అంటే ఓ మోస్తరు గోల మంచిదే. కానీ అది ఐడియాలకి. బగ్ వెతకడానికీ అదే రూల్ అనుకోకండి.

రెండోది మాటలు. చదివేటప్పుడు, రాసేటప్పుడు అర్థమయ్యే మాట చెవిన పడితే బుర్ర దాని వెంట పోతుంది. బెంగళూరులో పక్క టేబుల్ వాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటుంటే, ఆ భాష రాని మనకి అది ఫ్యాన్ శబ్దం లాంటిదే. ఇక్కడ అరటి గెల రేటు గురించి మాట్లాడుకుంటుంటే? మీకూ తోట ఉంటే ఇంక కోడ్ ఏం కనపడుతుంది! ఆఫీసులోనూ ఇంతే. పక్క సీట్లో మన ప్రాజెక్ట్ గురించే మాట్లాడుతుంటే చెవి అటే పోతుంది.

మూడోది అసలు పాయింట్. అమెరికన్ సోషియాలజిస్ట్ రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఒక పుస్తకం రాశారు. ఇల్లు మొదటి చోటు, పని చేసేది రెండో చోటు, నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే కాఫీ షాపులు, సెలూన్ల లాంటివి మూడో చోటు అన్నారు. అక్కడ ముఖ్యమైన పని మాట్లాడుకోవడమే. ఆ లెక్కన అసలైన మూడో చోటు మన టీ కొట్టే! "ఏరా అబ్బాయ్, ఎప్పుడొచ్చావ్? నాన్నగారు బాగున్నారా?" అని అడిగితే హెడ్‌ఫోన్స్ తియ్యకుండా ఉంటామా? సిటీలో అలా ఎవరూ అడగరు. అక్కడ కాఫీకి ఇచ్చే డబ్బుల్లో సగం ఆ ఎవరూ పలకరించని రెండు గంటలకే.

మరి ఆఫీసు దండగా? కాదు. కొత్తగా చేరినవాళ్లకి పక్క సీటు సీనియర్ రెండు నిమిషాల్లో చెప్పేది, చాట్‌లో అడిగితే సాయంత్రం దాకా తేలదు. చైనా కంపెనీ ట్రిప్.కామ్‌లో 1,612 మంది ఉద్యోగుల మీద చేసిన ప్రయోగం 2024లో నేచర్ జర్నల్‌లో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

కాబట్టి చోటు కన్నా ముందు పనిని విడగొట్టండి. కొత్తది నేర్చుకోవడం, డిజైన్ మీద చర్చ ఆఫీసు రోజులకి ఉంచండి. బగ్‌లు, లెక్కలు ఇంట్లో, పొద్దున్నే తలుపేసుకుని. "పదింటి దాకా పిలవొద్దు" అని ఇంట్లో ముందే చెప్పండి. ఐడియాలు, మెయిల్స్, మొదటి డ్రాఫ్ట్ కాఫీ షాపులో. ఊళ్లో కన్నా 16వ నంబరు హైవే పక్కనైతే మేలు, అక్కడ ఆగేవాళ్లలో ఎక్కువమంది దారిన పోయేవాళ్లే. కానీ క్లయింట్ కాల్స్ అక్కడ వద్దు. వెనక టేబుల్‌కి మీ స్క్రీన్ కనపడుతుంది, జాగ్రత్త. పబ్లిక్ వైఫై బదులు మీ ఫోన్ హాట్‌స్పాట్ వాడండి.

టీ కొట్టుకి మాత్రం ల్యాప్‌టాప్ లేకుండా వెళ్లండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.