సెల్ఫ్ కొడితే ఏం వినిపిస్తోంది?

పాత బొలెరో గానీ స్కార్పియో గానీ పొద్దున్నే మొరాయించిందంటే మన దగ్గర మొదట నింద పడేది బ్యాటరీ మీదే. వేలు పోసి కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అదే తంతు. పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకున్న బండి కూడా చక్కగా నడవగలదు. అలాంటిదాన్ని ఈ విసుగుతోనే అయినకాడికి అమ్మేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు లోపం చిన్నది. దాన్ని పట్టుకోవాలంటే ముందు చెవి పెట్టి వినాలి.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? లేక చురుగ్గానే తిరుగుతూ, ఎంతసేపటికీ అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది కరెంటుకు సంబంధించింది. రెండోది ఎక్కువసార్లు డీజిల్‌కు సంబంధించింది.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కేస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఆ గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, వేడిని సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి. అందుకే సెల్ఫ్ నీరసంగా ఉంటే నిక్షేపంలాంటి ఇంజిన్ కూడా అందుకోదు. పంపు, ఇంజెక్టర్లు విప్పించే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వరకు చూపిస్తే డైనమో చార్జింగ్ బాగున్నట్టే.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా సెల్ఫ్ ఈడుస్తోందంటే, ఎవరూ పట్టించుకోని ఎర్త్ వైరు దగ్గరకు వెళ్లాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు గానీ గేర్‌బాక్స్‌కు గానీ వెళ్లే తీగ అది. కింద బురదలో, నూనె జిడ్డులో ఏళ్ల తరబడి ఉండి, బోల్టు కింద తుప్పు పడుతుంది. పైకి గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సెల్ఫ్ మోటార్ ఒక్కసారిగా 250 ఆంపియర్లు లాగుతుందనుకోండి. ఆ తుప్పు అడ్డం ఓమ్‌లో నూరో వంతే అయినా రెండున్నర వోల్టులు అక్కడే వేడిగా మారి పోతాయి. మోటార్‌కు మిగిలేది ఏడెనిమిది వోల్టులే. లైట్లు, హారన్ తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి అవి మామూలుగానే పనిచేసి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

పరీక్ష సులువు. మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, రెండోది ఇంజిన్ మీద శుభ్రమైన ఇనుము మీద పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచి మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు, ఆపైన కనిపిస్తే దొంగ దొరికినట్టే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాలి. టెర్మినళ్ల మీద పూసిన తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో, సెల్ మూతల్లోకి నీళ్లు పోకుండా కడిగి, పైన వాజిలిన్ రాయాలి. తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. తీగలు బాగుండి కూడా నెమ్మదిగానే తిరుగుతుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్ దించి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు చూపించాలి.

మన ఎండల గురించి ఒక మాట. బ్యాటరీని అసలు దెబ్బతీసేది ఏప్రిల్, మే వేడి. లోపలి నీరు తగ్గుతుంది, ప్లేట్లు తినేసుకుపోతాయి. ఆ దెబ్బ బయటపడేది మాత్రం డిసెంబర్‌లో, ఆదిలాబాద్‌లోనో అరకులోనో చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడ్డ పొద్దున. అందుకే నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే వేసవిలో తరచూ చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి.

ఇక రెండో జబ్బు. చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది కానీ మండటం లేదు. హీటర్ ప్లగ్‌లున్న బండి అయితే అవి కాలిపోయి ఉండొచ్చు, లేదా కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. పొగ ఏమాత్రం లేకపోతే డీజిలే అందడం లేదు. రాత్రి ఆగిన బండిలో పొద్దున మాత్రమే ఈ ఇబ్బంది వస్తుంటే, పగిలిన రబ్బరు పైపులోంచో ఫిల్టర్ వాషర్ దగ్గరో గాలి దూరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోందన్నమాట. చేతిపంపు ఉంటే సెల్ఫ్ కొట్టే ముందు అది గట్టిపడేదాకా నొక్కి చూడండి. వెంటనే అందుకుంటే అనుమానం నిజమే.

కామన్ రైల్ బండ్లది ఇంకో తీరు. రైలులో సుమారు 200 బార్ల ఒత్తిడి రానిదే కంప్యూటర్ ఇంజెక్టర్లు తెరవదు. అరిగిన ఇంజెక్టర్లు డీజిల్‌ను వెనక్కి వదిలేస్తుంటే ఆ ఒత్తిడి రావడానికి సమయం పడుతుంది. వేడి డీజిల్ పల్చనవుతుంది కాబట్టి, దారిలో ఆపి తీసినప్పుడు ఇంకా మొండికేస్తుంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు సీసాలు తగిలించి, ఏది ఎక్కువ నింపుతోందో చూస్తే దోషి తేలిపోతుంది. ఇది మెకానిక్ చేత చేయించుకోవాల్సిన పని. ఆ ఒక్కదాన్నే బాగుచేయించమని అడగండి.

ఒక పని మాత్రం ఎంత తొందరున్నా చేయకండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం. హీటర్ ప్లగ్ ఎర్రగా కాలి ఉన్న సిలిండర్‌లో అది వేళగాని వేళ పేలి పిస్టన్‌ను పగలగొట్టగలదు. సెల్ఫ్ కూడా పది సెకన్లకు మించి ఆపకుండా కొట్టొద్దు. నిమిషం ఆగి, మోటార్ చల్లారాక మళ్లీ ప్రయత్నించండి.