అవ్వ ఇంటి కుక్కకు ఆపరేషను

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పిల్లలు వలస పోయిన ఇండ్లను మీరెరుగుదురు. అక్కడ మిగులునది ఒక అవ్వయో తాతయో, వాకిట ఒక కుక్క. రాత్రి అలికిడికి మొరిగేది అదే, అవ్వ మాట్లాడుకొనేదీ దానితోనే.

అది ఆడకుక్క అయినచో చిక్కు. సాధారణముగా ఏటా రెండుసార్లు ఎదకు వచ్చును. చూలు సుమారు 63 దినములు. ఈతకు నాలుగైదు పిల్లలు. పింఛనుతో గడుపు అవ్వ వాటికి గంజి ఎక్కడినుండి తెచ్చును? చివరకవి ఊరి బయట చేరి మీ మేకపిల్లలపై పడును.

ఆపరేషనులో మత్తు ఇచ్చి గర్భసంచిని, అండాశయములను తీసివేయుదురు. కాపలా గుణము పోవునని కొందరందురు, అది అపోహ. పైగా గర్భసంచిలో చీము పట్టు ప్రాణాపాయము తప్పును.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కల భారము స్థానిక సంస్థలది, పెంపుడు కుక్కలది యజమానిది. వీధికుక్కలకు ఆపరేషన్లు చేయించునపుడే పేద వృద్ధుల కుక్కలకును ఉచితముగా చేయించుట న్యాయమని నా అభిప్రాయము. సర్పంచును, పశువైద్యుని అడిగి చూడుడు.

ముందు రాత్రి నుండి తిండి పెట్టరాదు. అవ్వ జాలిపడి గుప్పెడు అన్నము వేసినచో, మత్తులో వాంతియై ఊపిరాడక ప్రాణము పోవచ్చును. తరువాత పది దినములు కుట్లను తడుపరాదు, నాకనీయరాదు. పిచ్చికుక్క వ్యాధి టీకా వేరు. దానిని ఏటా వేయించవలెను. ఆసుపత్రికి అవ్వ నడువలేదు గనుక ఆటో మీరు కుదుర్చుడు.