ఉక్కును తినే ఇసుక

బొగ్గు మెత్తటి వస్తువు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ స్కేలు మీద మన గోరు రెండున్నర దగ్గర ఉంటే, బొగ్గు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మరి గోదావరిఖని ప్రాంతంలో షావెల్ బకెట్ల పళ్లు మొద్దుబారడానికి, డంపర్ టైర్లు నున్నబడడానికి, బెల్ట్ రోలర్లు ఒరిసిపోవడానికి కారణం ఎవరు? బొగ్గు కాదు, దానికి పైనా కిందా మధ్యా పేరుకున్న ఇసుకరాయి. సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట ఈ గోదావరి లోయలో నదులు ఇసుక మేటలు వేశాయి. మేటల మీద అడవులు పెరిగి చిత్తడిలో కూలిపోయాయి. వాటి మీద మళ్లీ ఇసుక పడింది. భూగర్భ శాస్త్రవేత్తలు బరాకర్ శిలలు అనే ఈ పొరల్లో ఒక బొగ్గు సీమ్‌కూ ఇంకో సీమ్‌కూ నడుమ ఎక్కువగా ఉండేది ఇసుకరాయే. అందులోని గింజలు క్వార్ట్‌జ్‌వి. మోహ్స్ స్కేలు మీద క్వార్ట్‌జ్ స్థానం 7. మామూలు ఉక్కు దాని ముందు నిలవదు.

రామగుండం ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే దానికి ఎన్నో రెట్ల ఓబీ, అంటే బొగ్గు మీద కప్పుకున్న మట్టీ రాయీ, ఎత్తి పక్కన పోయాలి. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు దాటింది. యంత్రాలు కదిపిన మట్టీ రాయీ అంతకన్నా ఎంతో ఎక్కువ. కాగితాల మీద సింగరేణి బొగ్గు కంపెనీ. షావెల్‌నూ డంపర్‌నూ అడిగితే ఇసుకరాయి కంపెనీ అనే చెబుతాయి.

ఒకదానితో ఒకటి ఒరుసుకునే ఉపరితలాల గురించి, అంటే ఘర్షణ, అరుగుదల, కందెనల గురించి చదివే శాస్త్రం ట్రైబాలజీ. దానికి ఆ పేరు స్థిరపడింది 1966లో, బ్రిటన్ ప్రభుత్వానికి పీటర్ జోస్ట్ కమిటీ ఇచ్చిన నివేదికతో. ఈ విషయాల మీద శ్రద్ధ పెడితే బ్రిటిష్ పరిశ్రమకు ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని ఆ కమిటీ తేల్చింది. అప్పటి నుంచి ఈ శాస్త్రజ్ఞులకు లెక్కలు వేయడం ఒక అలవాటుగా మారింది. వాటిలో అందరి నోళ్లలో నానింది 2017లో వచ్చింది. ఫిన్లాండ్ పరిశోధకుడు కెన్నెత్ హోల్మ్‌బర్గ్, అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో అప్పుడు పనిచేస్తున్న అలీ ఎర్డెమిర్ కలిసి, ప్రపంచం వాడే మొత్తం శక్తిలో దాదాపు 23 శాతం ఒరుసుకునే చోట్లే ఖర్చవుతోందని అంచనా కట్టారు. అందులో 20 శాతం ఘర్షణను దాటడానికి, 3 శాతం అరిగిన భాగాలను మళ్లీ తయారు చేయడానికి.

ఈ 20, 3 అంకెలు చూసి అసలు శత్రువు ఘర్షణే, అరుగుదల చిన్న విషయం అనుకోవచ్చు. కారు ఇంజిన్ వరకు అది నిజమే. గనిలో మాత్రం, డబ్బుల్లో చూస్తే, లెక్క తిరగబడుతుంది. అదే ఏడాది అదే ఇద్దరు, మరికొందరు సహచరులతో కలిసి, ప్రపంచ ఖనిజ గనుల లెక్క విడిగా వేశారు. ఘర్షణ, అరుగుదలల వల్ల గనులకు ఏటా 21 వేల కోట్ల యూరోల నష్టం అని తేలింది. దాన్ని వంద రూపాయలుగా పంచితే ఘర్షణను దాటే శక్తికి 40 రూపాయలు పోతాయి. కొత్త విడిభాగాలకు, అదనంగా పెట్టుకునే యంత్రాలకు 27. మరమ్మతు పనికి 26. యంత్రం ఆగినందుకు పోయిన ఉత్పత్తి 7. చివరి మూడూ కలిపితే 60. అంటే గనిలో ఘర్షణ తినే కరెంటు, డీజిల్ ఖర్చు కన్నా స్టోర్స్ బిల్లూ ఫిట్టర్ల షిఫ్టులూ పెద్దవి. బాయి పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు, యూరోల్లో వినడమే కొత్త.

అదే అధ్యయనం ప్రకారం గనుల్లో శక్తిని ఎక్కువగా తినే పని పిండి చేయడం, 32 శాతం. రవాణా 24, తవ్వకం 8. మన బొగ్గు విషయంలో ఈ లెక్క రెండు గేట్ల మధ్య చీలిపోతుంది. తవ్వకం, రవాణా సింగరేణి గేటు లోపల జరుగుతాయి. పిండి చేయడం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం గేటు లోపల, బౌల్ మిల్లుల్లో జరుగుతుంది. హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో తయారయ్యే రకం యంత్రాలే ఇవి. తిరిగే గిన్నెకూ బరువైన రోలర్లకూ మధ్య బొగ్గు నలిగి, ముఖానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా బయటికొస్తుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు అటూ ఇటూ బూడిదే, అందులో మళ్లీ క్వార్ట్‌జ్ ఉంటుంది. గనిలో బకెట్ పళ్లను తిన్న ఇసుకే ఇక్కడ రోలర్లను తింటుంది. మంటలోనూ చావక, పొగతో పాటు ఎగిరి బాయిలర్ గొట్టాలను రాచేస్తుంది.

అరుగుదలకు ఒక సూత్రం ఉంది. 1953లో ఆర్చర్డ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు చెప్పింది: అరిగిపోయే లోహం పరిమాణం, దాని మీద పడే బరువును బట్టి, ఒరిసే దూరాన్ని బట్టి పెరుగుతుంది. లోహం గట్టిదైన కొద్దీ తగ్గుతుంది. అయితే ఉక్కును గట్టిపరిస్తే సరిపోతుంది కదా? సరిపోదు. ఒరిసే గింజ లోహం కన్నా బాగా గట్టిదైనప్పుడు, లోహాన్ని కొంచెం గట్టిపరిచినా లాభం పెద్దగా ఉండదు. లోహం కాఠిన్యం గింజ కాఠిన్యానికి దగ్గరగా వచ్చినప్పుడే అరుగుదల ఒక్కసారిగా పడిపోతుంది. విక్కర్స్ కొలతలో క్వార్ట్‌జ్ 1100 దగ్గర ఉంటుంది. ఎంత గట్టిపరిచినా ఉక్కు సాధారణంగా 800 దాటదు. అందుకే రోలర్లకు క్రోమియం బాగా కలిపిన పోత ఇనుము వాడతారు, అందులో ఏర్పడే క్రోమియం కార్బైడ్ 1500 దాకా వెళుతుంది. బొగ్గు కోసే యంత్రాల పిక్కుల, అంటే కోత పళ్ల, మొనలకు టంగ్‌స్టన్ కార్బైడ్ పెడతారు. గట్టిదనంతో పాటు పెళుసుతనమూ వస్తుంది కాబట్టి పెద్ద రాయి తగిలితే మొన విరుగుతుంది. అరగకుండా విరిగినా, విరగకుండా అరిగినా స్టోర్స్ నుంచి ఇంకొకటి తేవాల్సిందే.

ఈ రెంటి మధ్య ఒక చమత్కారమైన లోహం ఉంది. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఉక్కులో 12 శాతం దాకా మాంగనీసు కలిపి చూశాడు. పెళుసెక్కుతుందనుకుంటే దెబ్బ తగిలిన కొద్దీ పైపొర గట్టిపడే ఉక్కు తయారైంది. లోపల మాత్రం సాగే గుణం అలాగే ఉంది. షావెల్ పళ్లకు, క్రషర్ దవడలకు దాన్నే వాడడం ఆనవాయితీ. కానీ దెబ్బ లేకుండా ఇసుక ఊరికే జారిపోయే చోట అది మామూలు ఉక్కులాగే అరుగుతుంది. క్రషర్‌లో మహారాజు, చూట్‌లో పేదవాడు.

చూట్‌లో, అంటే ఒక బెల్ట్ నుంచి ఇంకో బెల్ట్ మీదికి బొగ్గు పడే తొట్టిలో, అన్నిటికన్నా చవకైన ఉపాయం ఇంకొకటి ఉంది. బొగ్గు తగిలే చోట ఒక అడ్డపట్టీ పెట్టి కొంత బొగ్గు అక్కడే పేరుకునేలా చేస్తారు. ఆ తర్వాత పడే బొగ్గు ఉక్కుకు తగలదు, బొగ్గుకే తగులుతుంది. బకెట్ అంచు మీద వెల్డర్లు గళ్లుగళ్లుగా హార్డ్‌ఫేసింగ్, అంటే గట్టి లోహపు పూత, వేయడంలోనూ ఇదే తెలివి. గళ్ల మధ్య ఇసుక ఇరుక్కుని, వచ్చే ఇసుకను అదే కాచుకుంటుంది. నా లెక్కలో ఏ కొత్త మిశ్రమ లోహం కన్నా ఇది అందమైన పరిష్కారం.

భూగర్భ గనుల్లో ఇసుకతో ఇంకో పేచీ ఉంది. బొగ్గు తీసిన ఖాళీలు కూలకుండా గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల గుండా కిందికి పంపి నింపేవారు. ఇసుక బరువుగా అడుగున పారుతుంది కాబట్టి గొట్టం అడుగుభాగం ముందు అరుగుతుంది, వంపుల దగ్గర మరీ. అందుకే గొట్టాన్ని కొంతకాలానికోసారి తిప్పి బిగిస్తారు. అడుగు పక్కకు వస్తుంది, పక్క అడుగుకు పోతుంది. నది ఇసుక దొరకడం కష్టమయ్యాక ఓబీనే పొడి చేసి, కడిగి, ఇసుకగా వాడే దారి పట్టింది సింగరేణి. నదికి మేలే. గొట్టానికి మాత్రం అంత మేలు కాకపోవచ్చు. నదిలో దొర్లి వచ్చిన గింజ గుండ్రంగా ఉంటుంది, క్రషర్ నుంచి వచ్చిన గింజకు కోణాలుంటాయి. కోణాలున్న గింజ ఎక్కువ కోస్తుందన్నది ఈ శాస్త్రంలో బాగా రుజువైన మాట.

ఇంతవరకూ ఘర్షణను తిట్టుకున్నాం కానీ అది లేకపోతే బెల్టే తిరగదు. డ్రైవ్ డ్రమ్ము బెల్ట్‌ను లాగేది పట్టుతోనే. డ్రమ్ముకు రబ్బరు, ఒక్కోచోట పింగాణీ బిళ్లలు తొడిగేది ఆ పట్టు పెంచడానికే. రోలర్ల దగ్గర మాత్రం ఘర్షణ వద్దు. అక్కడ ఎక్కువగా జరిగేది చాలామంది అనుకునే బేరింగ్ ఘర్షణ కాదు. బరువుతో ఉన్న బెల్ట్ ప్రతి రోలర్ మీదా కొంచెం నొక్కుకుని మళ్లీ లేస్తుంది, నొక్కడానికి పట్టిన శక్తి అంతా తిరిగి రాదు. దున్నిన చేలో సైకిల్ తొక్కినట్టు ఉంటుంది దాని పని. పొడవాటి సమతల బెల్ట్‌లో మోటారు ఖర్చులో సగానికి పైగా దీనికే పోతుంది. అందుకే రబ్బరు రసాయనాన్ని మార్చి కరెంటు ఆదా చేసే బెల్ట్‌లు మార్కెట్లోకి వచ్చాయి.

బేరింగ్ బిగుసుకుపోయిన రోలర్ మాత్రం ఖర్చుతో పోదు. తిరగని రోలర్ మీద బెల్ట్ రాసుకుంటూ పోతే ఆ రోలర్ ఎర్రగా కాలుతుంది. ఇంగ్లండ్‌లోని క్రెస్‌వెల్ గనిలో 1950 సెప్టెంబర్ 26న చిరిగిన బెల్ట్ ఒక చూట్ దగ్గర రాపిడికి అంటుకుంది. 80 మంది కార్మికులు పైకి రాలేదు. నిప్పు అంటని బెల్ట్‌లు గనుల్లోకి రావడానికి పెద్ద కారణం ఆ ప్రమాదమే. పిక్కు మొన ఇసుకరాయిని గీసినప్పుడు పుట్టే వేడీ అంతే ప్రమాదకరం. గీత వెనక వెయ్యి డిగ్రీలు దాటిన మెరుపు ఒక్క క్షణం నిలుస్తుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ క్షణం చాలు. పిక్కుల వెనక నీళ్ల జల్లు పెట్టేది దుమ్ము కోసమే కాదు, దీనికోసం కూడా. దుమ్ము సంగతి ఎలాగూ తెలిసిందే: ఉక్కును కోసే ఆ క్వార్ట్‌జే సన్నటి పొడై ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్.

నిప్పు భయమే భూగర్భంలో కందెనల కథను తలకిందులు చేసింది. 2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టు లాంటి చోట పైకప్పును మోసే షీల్డులు హైడ్రాలిక్ కాళ్ల మీద నిలుస్తాయి. నూనె వాడితే, గొట్టం పగిలినప్పుడు అది అంటుకోవచ్చు. కాబట్టి ఇలాంటి షీల్డుల్లో పోసే ద్రవంలో 95 శాతం దాకా నీళ్లే. నీళ్లు మంచి కందెన కాదు. ఎందుకో తెలియాలంటే 1883కి వెళ్లాలి.

రైలు ఇరుసుల బేరింగ్‌లను పరీక్షిస్తున్న బోషాంప్ టవర్ నూనె పోయడానికి బేరింగ్ పైన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగింది. బిరడా బిగించాడు, అది ఎగిరిపోయింది. కొయ్య మేకు కొట్టాడు, అదీ మెల్లగా బయటికొచ్చింది. తిరిగే ఇరుసు తనే నూనెను సందులోకి లాక్కుని, ఆ ఒత్తిడి మీద తేలుతోందన్నమాట. మూడేళ్ల తర్వాత, 1886లో, ఓస్బోర్న్ రేనాల్డ్స్ దాన్ని సమీకరణంగా రాశాడు.  రేనాల్డ్స్ చెప్పిన దాని ప్రకారం ద్రవం చిక్కగా ఉంటేనే పొర మందంగా నిలుస్తుంది. నీళ్లు పలచన, పొర నిలవదు, లోహం లోహాన్ని తాకుతుంది. అందుకే ఆ పంపులకు, వాల్వులకు ప్రత్యేకమైన లోహాలు, సీళ్లు కావాలి.

చిక్కటి నూనె ఉన్న గేర్‌బాక్స్‌లో కూడా పొర మందం మైక్రాన్, రెండు మైక్రాన్‌లకు మించదు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనబడని ఓబీ దుమ్ము ఆ పొరకు సరిపోయేంత లావు. ఒక్క సీలు చిరిగినా, మూత తెరిచి మర్చిపోయినా ఆ గింజ లోపలికి చేరి, గేరు పళ్ల మధ్య నుంచి ఇంకో రేణువును పుట్టిస్తుంది, అది మరో రెంటిని పుట్టిస్తుంది. నూనె నమూనాలో ఇనుప రేణువుల లెక్క పెరుగుతుంటే గేర్‌బాక్స్ చప్పుడు రాకముందే జబ్బు తెలిసిపోతుంది.

ప్రయోగశాలల నుంచి వచ్చే వార్తలు ఇంకో లోకానివి. 2015లో ఆర్గాన్ ప్రయోగశాలలో, బొగ్గుకు రక్తసంబంధమైన కార్బన్‌తోనే, గ్రాఫీన్ పొరలు నానో వజ్రాల చుట్టూ చుట్టుకునేలా చేసి, ఘర్షణ గుణకాన్ని 0.004కు దించారు. ఆ ప్రయోగం జరిగింది పొడి నైట్రోజన్‌లో. గాలిలో తేమ చేరితే ఆ మాయ పనిచేయదు. చెమట, ఊట నీళ్లు, దుమ్ము కలిసిన భూగర్భ గనిలో దానికి చోటు ఇప్పట్లో కనబడదు. గట్టిగా మూసిన బేరింగ్‌లో మాత్రం ఏదో ఒక రోజు రావచ్చు.

హోల్మ్‌బర్గ్ బృందం 2017లో ఒక గడువు కూడా పెట్టింది. తెలిసిన పద్ధతులనూ కొత్త సాంకేతికతనూ వాడితే పదేళ్లలో గనుల ఘర్షణ, అరుగుదల నష్టం 15 శాతం, ఇరవై ఏళ్లలో 30 శాతం తగ్గించవచ్చన్నారు. మొదటి గడువుకు ఏటా 280 టెరావాట్ గంటల శక్తి, 14.5 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆదా అవుతుందని లెక్క. ఆ పదేళ్లు 2027తో పూర్తవుతాయి. ఆలోగా రామగుండంలో చేయగలిగిన వాటిలో నేను ముందు ఎంచుకునేవి కొత్త పూతలు కావు: నమూనా తీసిన నూనె ఫలితం అదే షిఫ్టులో ఫిట్టర్ చేతికి అందడం, బిగుసుకున్న రోలర్‌ను ఆ రోజే మార్చడం, గ్రీజు డబ్బాకు మూత ఉండడం.