తాతా, నువ్వు తిను!

వేసవి సెలవులకు డాలస్ నుంచి గుంటూరు వచ్చిన పద్నాలుగేళ్ల మనవడు భోజనాల దగ్గర “తాతా, నువ్వు తిను” అంటాడు. బంధువులు మొహమొహాలు చూసుకుంటారు. “పెద్దాచిన్నా లేదు, అమెరికా పెంపకం” అని ఎవరో ఒకరు సణగక మానరు.

పాపం, వాడి తప్పేముంది? వాడు విన్న తెలుగంతా అమ్మానాన్నలు వాడితో మాట్లాడిందే: తిను, రా, పడుకో, హోంవర్క్ అయిందా. ‘తినండి’ అన్న మాట చెవిన పడే సందర్భాలే తక్కువ. ఇంగ్లిషులోనేమో తాతకైనా తమ్ముడికైనా ఒకటే ‘యూ’. మర్యాద లేక కాదు, ఆ క్రియారూపం చేతిలో లేక అలా అన్నాడు. అక్కడ బడిలో ఇంకో తంతు. హాజరు పిలుస్తూ టీచరు తడబడి ఆగిందంటే తన పేరు వచ్చిందని వాడికి తెలిసిపోతుంది. కొన్నాళ్లకు వెంకట సాయి శ్రీకర్ తనంతట తనే ‘శ్రీ’ అయిపోతాడు.

ఇలాంటి పిల్లలకు మనవాళ్లు తగిలించిన పేరు ఏబీసీడీ. అమెరికాలో పుట్టి అయోమయంలో పడ్డ దేశీ అని అర్థం. 2019లో అల్లు శిరీష్ సినిమాకూ అదే పేరు. వెటకారం బాగానే ఉంది గానీ, ఇంటా బయటా ఇన్నిసార్లు పరీక్ష పెట్టేవాళ్లను వదిలేసి అయోమయాన్ని పిల్లల నెత్తిన రుద్దడం అన్యాయం.

నీనా దావులూరి సంగతి చూడండి. తల్లిదండ్రులది విజయవాడ, ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం అందుకున్న తొలి భారత సంతతి యువతి. ఆ రాత్రే ట్విటర్‌లో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. ఇటు మన దేశంలో మొదలైన చర్చ వేరు: ఇంత చామనఛాయ పిల్లను ఇక్కడ మిస్ ఇండియా చేసేవారా? ఒక దేశానికి ఆమె చాలినంత అమెరికన్ కాదు, ఇంకో దేశానికి చాలినంత తెలుపు కాదు.

ఇలా బయటికి తోసేస్తే పిల్లలు ఎటు పోతారన్నది ఊహ కానక్కర్లేదు. సామాజిక శాస్త్రవేత్తలు అలెహాండ్రో పోర్టెస్, రూబెన్ రుంబాట్ 1992లో మయామీ, శాన్‌డియాగో ప్రాంతాల్లో అయిదు వేలకు పైగా వలస కుటుంబాల పిల్లలను ‘నిన్ను నువ్వు ఏమని చెప్పుకుంటావు?’ అని అడిగారు. మూడు నాలుగేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. ఈ మధ్యలో, 1994లో, అక్రమ వలసదారులకు ప్రభుత్వ బడులూ వైద్యమూ నిలిపేయాలన్న ప్రతిపాదనకు కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదం తెలిపారు. రెండోసారికి ఆ రాష్ట్రంలోని శాన్‌డియాగో పిల్లల్లో ‘అమెరికన్’ అని చెప్పుకునేవాళ్లు తగ్గారు. మెక్సికన్, ఫిలిపినో అనేవాళ్లు పెరిగారు. ఇంగ్లిషు మాత్రం అందరికీ మరింత బాగా వచ్చేసింది!

తెలుగువాళ్ల విషయానికొస్తే, అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2010-2017 మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు. 2007 నుంచి సిలికానాంధ్ర సంస్థ మనబడి తెలుగు తరగతులు నడుస్తున్నాయి. అక్షరాలు వస్తాయి, పద్యాలూ వస్తాయి. చిక్కు అక్షరాల్లో లేదు.

కొందరికి అది కాగితాల్లో ఉంది. హైదరాబాద్‌లో పుట్టి మూడేళ్లప్పుడు న్యూజెర్సీ వెళ్లిన అక్క, అక్కడే పుట్టిన తమ్ముడు అనుకోండి. ఒకే ఇల్లు, ఒకే బడి, ఒకే యాస. తమ్ముడు పుట్టుకతోనే పౌరుడు. అక్క మాత్రం తండ్రి ఉద్యోగ వీసా హెచ్‌-1బీ మీద ఆధారపడిన హెచ్‌-4 వీసాదారు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశం వాటా అయినా ఏడు శాతం మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ల వరుస దశాబ్దాలకు సాగింది. ఈలోగా స్నేహితురాళ్లు సెలవుల్లో ఐస్‌క్రీం షాపులో పనిచేసి జేబుఖర్చు సంపాదించుకుంటారు; హెచ్‌-4 పిల్లకు ఆ అనుమతి లేదు. 21 ఏళ్లు నిండేసరికి గ్రీన్‌కార్డు చేతికి రాకపోతే, తాను పెరిగిన ఊళ్లోనే ఆమె విదేశీ విద్యార్థిగా వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి.